మూడో అంతస్తు నీడ

“మధ్యాహ్నం పన్నెండింటికి నీడ ఎక్కడుంటుంది బాబూ?”

భవనాల నక్షాలు గీసే హతనాక నీడ పటాన్ని బల్ల మీద ఇంకాస్త ముందుకు జరిపాడు. ఏడాదిలోకెల్లా పగలు చిన్నదైన రోజున, పక్క స్థలంలో కట్టబోయే కొత్త భవనం నీడ ఏ గంటకు ఎక్కడ పడుతుందో అందులో గీశాడు. ఇరుగుపొరుగుకు ఇది చూపించామని రాసిస్తేగాని నగర కార్యాలయం దరఖాస్తు తీసుకోదు. అతను తెచ్చిన మిఠాయి పెట్టెను యాసుయో బామ్మ ఇంకా విప్పలేదు.

“పొద్దున మీ పెరడంతా నీడే బామ్మగారూ. పన్నెండయ్యేసరికి సగానికి తగ్గుతుంది.”

“తగ్గుతుందా.” ఆమె నుదురు చిట్లించింది. “ఆలోచించాలి.”

ఆ ఊళ్ళో ఆలోచించాలంటే వద్దనే. హతనాక పటం చుట్టేశాడు.

కట్టించుకునేది పళ్ళ డాక్టరు ఇగరాషి. కింద రెండంతస్తుల్లో ఆసుపత్రి, పైన ఆమె ఇల్లు. పదిహేనేళ్ళుగా అద్దె గదిలో ఉంటూ కన్న కల అది.

“చట్టం మన వైపే ఉంది డాక్టర్. ఆవిడ ఒప్పుకోకపోయినా కట్టొచ్చు,” అన్నాడు హతనాక ఆమెతో.

“రేపు నేను చూడాల్సింది ఈ వీధివాళ్ళ పళ్ళేనండీ. పక్కింటావిడకి కోపమొస్తే నా కుర్చీలో నోరు తెరిచేదెవరు? పై అంతస్తు తీసెయ్యండి.”

“మరి మీ ఇల్లు?”

“అద్దె గది అలవాటేగా.” ఆమె గొంతు తగ్గింది. “పాపం, ఒంటరి మనిషి. పదకొండేళ్ళ కిందట మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడట.”

వారం తర్వాత హతనాక కొత్త పటంతో వెళ్ళాడు.

“నీడ కంచె దగ్గరే ఆగిపోతుంది బామ్మగారూ. ఇక మధ్యాహ్నం మీ పెరడంతా ఎండే.”

బామ్మ టీ కప్పు కింద పెట్టేసింది. “ఎండ ఆయనకి పడదు.”

“తాతగారికా?”

ఆమె వినిపించుకోలేదు. “మొదటిదే కట్టు. వీలైతే ఇంకో అంతస్తు వెయ్యి.”

హతనాకకు నవ్వొచ్చింది. “ఇరవయ్యేళ్ళలో నీడ కావాలన్న మనిషిని మిమ్మల్నే చూశాను. ఎండ తగిలితే మంచు ఎత్తే బాధ తప్పుతుంది కదా.”

“నాకు మంచు నిలవాలి బాబూ.”

మొదటి పటం మీద ఆమె సంతకానికి బదులు తన పేరు ముద్ర వేసింది.

బయటికి రాగానే హతనాక ఫోన్ చేశాడు. డాక్టరు ముక్కు ఎగబీల్చి, “ఏం పెట్టారండీ ఆ మిఠాయిలో?” అంది.

కంచె ఎత్తు మరోసారి కొలుద్దామని అతను పెరటి వైపు నడిచాడు. రాత్రంతా కురిసిన మంచు మోకాలి లోతున్నది. ఒక్కచోట మాత్రం, మనిషి పడుకున్నంత మేర, నల్లమట్టి తేలి ఉంది.

అందులోంచి ఆవిరి, ఊపిరిలా, ఆగి ఆగి లేస్తోంది.