పద్నాలుగు పేపర్లు

ప్రొఫెసర్‌గా ప్రమోషన్ వచ్చిన మర్నాడు ఉదయ్‌భాస్కర్ గారి మనసు విశాలమైంది. ఇన్నాళ్ళూ తనను పోషించిన చెరువుకు ఏదైనా చెయ్యాలనుకున్నారు.

భీమవరం పక్క ఊళ్ళో మంచినీళ్ళ చెరువది. ఎండలు ముదరగానే నీటి మీద పచ్చగా నాచు తెట్టు కడుతుంది. ఆ నాచులోని విషం మీదే ఆయన పన్నెండేళ్ళుగా పరిశోధన చేస్తున్నారు. నాచు ముదిరిన ఏడాది డాక్టరేటు వచ్చింది. చెరువంతా కమ్మేసిన ఏడాది స్విట్జర్లాండ్ సదస్సుకు పిలుపొచ్చింది.

ఆ ఉదయం రేవులో ఆ ఊరి సంపూర్ణమ్మ తెట్టును చేత్తో పక్కకు నెట్టి బిందె ముంచుతోంది. ఆయన మొదటిసారి ఆమెతో మాట్లాడారు.

"ఈ నీళ్ళు తాగకమ్మా. విషం. కాచినా పోదు. లివర్ దెబ్బతింటుంది."

ఆమె బిందె మెట్టు మీద దించింది. "ఎప్పట్నుంచండీ?"

"నాకు తెలిసి పన్నెండేళ్ళు."

"మరి చెప్పలేదేంటండీ?"

"చెప్పకపోవడమేంటమ్మా! పద్నాలుగు పేపర్లలో వచ్చింది," అన్నారాయన కాస్త నొచ్చుకుని.

"మా ఊరికి రెండే పేపర్లొస్తాయండి. వాటిలో రాలేదు."

అవి అంతర్జాతీయ పత్రికలని ఆయన ఓపిగ్గా వివరించారు. ఆమె అంతకన్నా ఓపిగ్గా విన్నది.

"ఆమధ్య పంచాయతీవోళ్ళు ఫిల్టరు ప్లాంటు పెడతామంటే మేమే వద్దన్నామండి," అంది చివరికి.

"అదేంటి! ఎందుకు?"

"అంత చదువుకున్నోరు, మీరే నెలనెలా కారేసుకొచ్చి సీసాల్లో పట్టుకెళ్తుంటేనూ... ఎంత మంచి నీళ్ళో అనుకున్నామండి."