వంద మీద ముల్లు

“కుదరదు పిన్నీ! ఈ కారుకి కంపెనీ చెప్పిన కొలత తప్ప ఇంకో కొలత టైరు నా చేత్తో బిగించను. బ్రహ్మదేవుడు దిగొచ్చి అడిగినా అంతే.”

టైర్ల షాపు మేస్త్రి చేతిలో స్పానర్‌ని బల్ల మీద టక్కున పెట్టాడు. నెలకి పదిమంది కుర్రాళ్ళు వచ్చి, తమ బుల్లి కార్లకి ఏనుగు కాళ్ళంత టైర్లు వెయ్యమని కాళ్ళావేళ్ళా పడతారు. పదిమందినీ వచ్చిన దారినే పంపించేస్తాడు. ఆ పట్టుదలకే అతనికి కొలతల మేస్త్రి అని పేరొచ్చింది.

“నేను పెద్దవి వెయ్యమన్నానా? చిన్నవి వెయ్యమంటున్నా,” అంది పక్కవీధి పిన్ని.

మేస్త్రి నోరు వెళ్ళబెట్టాడు. ఇన్నేళ్ళలో టైర్లు చిన్నవి చెయ్యమని అడిగిన మహాతల్లి ఈవిడొక్కతే.

“చిన్నవా? అవెందుకు?”

“టైరు చిన్నదైతే స్పీడు ముల్లు ఎక్కువ చూపిస్తుందని మొన్న ఎవరికో చెబుతున్నావుగా. నిజమేనా?”

“నిజమే. చక్రం చిన్నదైతే ఎక్కువసార్లు తిరగాలి. చుట్లు లెక్కపెట్టి చెప్పడమే ముల్లు పని. టైరు ఎత్తు మారిందని దానికి తెలీదు. అది వంద చూపిస్తున్నా బండి తొంభైలో పోతుంటుంది.”

“అదే కావాలి నాకు! మీ బాబాయి సంగతి తెలుసుగా.”

తెలియకేం? ఆయన్ని వీధంతా రాకెట్ బాబాయి అంటుంది. హైవే ఎక్కితే ముల్లు వంద మీద నిలబడాల్సిందే. అంతకు తగ్గితే, “ఈ నడకకి కారెందుకు, కాళ్ళు లేవా?” అంటాడు.

“రేపు పొద్దున అమ్మాయిని, నెల నిండని మనవరాలిని ఆ కారులోనే తీసుకురావాలి. రెండు గంటల హైవే. మెల్లగా పోనివ్వండి మహాప్రభో అంటే నా నోటికి నొప్పే గానీ ఆయన చెవికి ఎక్కదు. పసిదానికి ఏదన్నా అయితే...” పిన్ని బయట నిలబెట్టిన కారువైపు వేలు చూపించింది. “ఆయన చూసేది ఆ ముల్లు ఒక్కటే నాయనా. అది వంద మీదికొస్తే చాలు, ఇంక తొక్కరు.”

మేస్త్రి తల గోక్కున్నాడు. “కారు తెచ్చినట్టు బాబాయికి తెలుసా?”

“భోంచేసి గురక పెడుతున్నారు. లేచేలోపు బండి ఇంటిముందు ఉండాలి.”

పసిబిడ్డ పేరెత్తాక ఎంతటి మేస్త్రి అయినా మెత్తబడక తప్పుతుందా? పట్టిక తీసి చూశాడు. రిమ్ము అదే, వెడల్పు అదే. ఎత్తు మాత్రం మూడు వేళ్ళు తగ్గుతుంది. బరువు మోసే అంకె కూడా చూశాడు. ఐదుగురు కూర్చున్నా ఢోకా లేదు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర కాస్త చూసుకుంటే చాలు.

“సరే పిన్నీ, పసిదాని మొహం చూసి ఒప్పుకుంటున్నా. ఎక్కడా నోరు జారకు, నా పేరు గంగలో కలుస్తుంది.”

“నాకేం పిచ్చా? అది సరే, ఆయన టైర్లు చూసి కనిపెట్టెయ్యరూ?”

“కొలత కంటిచూపుతో పట్టేవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. నువ్వెళ్ళి ఫ్యాను కింద కూర్చో.”

అదీ మనవాడి ధీమా! నిద్రలో లేపి అడిగినా ఏ కారుకి ఏ టైరో గడగడా అప్పజెబుతాడు. బండికున్న టైరు మీది కొలత అంకె చదవడం కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకే అని అతని నమ్మకం.

కారుని వెనక షెడ్డులోకి తెచ్చి, జాకీతో లేపి, నట్లు విప్పి ముందు చక్రం ఊడదీశాడు. లోపల్నుంచి చిన్న టైరు దొర్లించుకొచ్చి దాని పక్కన నిలబెట్టాడు.

మూడు వేళ్ళ తేడా ఉండాలి. గోరంత కూడా లేదు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. రెండింటి మీదా కలిపి అరచెయ్యి ఆనించాడు. ఎగుడుదిగుడు తగల్లేదు. వంగి, పాత టైరు మీద మట్టి తుడిచి అంకె చదివాడు. కొత్తదాని అంకె చదివాడు. రెండూ ఒకటే! కారు చుట్టూ తిరిగి మిగతా మూడూ చూశాడు. అవీ అంతే.

“ఓరి నాయనో!” సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

“అరవకురా!” అంటూ వెనకనుంచి ఎవరో భుజం మీద చెయ్యేశారు.

రాకెట్ బాబాయి! నిద్రమొహం, ఒక కాలికి ఒక చెప్పు, రెండో కాలికి ఇంకో జతలోది. లేచేసరికి ఇంటిముందు కారు లేకపోతే, వెతుక్కుంటూ వెనక గేటు నుంచి వచ్చాడు. ముందు గదిలోకి తొంగిచూశాడు. ఫ్యాను గాలికి పిన్ని కునుకు తీస్తోంది.

“టైర్లు మార్చమందా?” అన్నాడు గుసగుసగా.

మేస్త్రి తలూపాడు. “అవును బాబాయ్. అసలు ఈ టైర్లు నీకెవరేశారు? ఇవి నీ బండి కొలత కాదు.”

“నాకు తెలుసులేరా. పొరుగూళ్ళో వేయించుకున్నా. నీ దగ్గరికొస్తే వినవుగా. నీకు పుణ్యముంటుంది, కంపెనీ కొలత మాత్రం వెయ్యకు. ఇదే కొలత ఉండనీ.”

“ఎందుకు బాబాయ్?”

రాకెట్ బాబాయి ఇంకోసారి ముందు గదివైపు చూసి, మేస్త్రి చెవి దగ్గరికి వంగాడు.

“ముల్లు వంద దాకా రాకపోతే మీ పిన్ని పట్టేస్తుందిరా... తొంభై దాటితే నాకు కాళ్ళు వణుకుతున్నాయి!”