ఖాళీ డ్రమ్ము

"ఆపేశావేంటమ్మా స్టెల్లా? చదువు," అంది పాపమ్మ.

ఆకివీడు రొయ్యల కంపెనీలో చెరువుల్లో వాడే మందు డ్రమ్ములకు ఆ రోజే తెలుగులో జాగ్రత్తలు రాసిన కాగితాలు అంటించారు. కొత్త రూలట. సూపర్‌వైజరు తాతాజీ దగ్గరుండి, చదువొచ్చిన స్టెల్లా చేత అక్కడ పనిచేసే ఆడవాళ్లందరికీ చదివిస్తున్నాడు.

స్టెల్లా మిగతాది చదివింది. "ఖాళీ అయ్యాక, ఎంత కడిగినా సరే, ఇందులో తాగేనీళ్లు పట్టకూడదు."

పాపమ్మ ముందుకొచ్చింది. "మా మనవరాలికి పాలు కలిపేది ఇలాంటి ఖాళీ డ్రమ్ములో నీళ్లతోనేనమ్మా! మంచినీళ్లు పట్టుకోమని మీరేగా ఇచ్చారు తాతాజీగారూ?"



"ఇంకా ఎవరెవరింట్లో ఉన్నాయి?" అడిగింది స్టెల్లా.

షెడ్డులో చేతులు ఒక్కొక్కటే లేచాయి. అందరి కళ్లూ తాతాజీ వైపు తిరిగాయి.

ఆయన చెయ్యి అప్పటికే పైకి లేచి ఉంది.