పేర్లు చదివిన మాపు

ఇప్పచెట్టు కింద బూడిదలో సగం కాలిన రిజిస్టర్ అట్ట కనబడేసరికి, మండలాఫీసు నుంచి పేర్లు రాయడానికి వచ్చిన కళావతి సంచి పక్కన పడేసి వంగింది.

పుల్లతో కెలికి చూసింది. లోపలి కాగితం ఒక్కటీ మిగల్లేదు. ఇరవై మూడు గుడిసెలు, నూట పదకొండు మంది పేర్లు, ఇంటి పెద్దల వేలిముద్రలు. ఆరు రోజులు బూర్గంపాడు నుంచి బస్సులో వచ్చి, దిగిన చోటి నుంచి అడవిలో నాలుగు కిలోమీటర్లు నడిచి రాసిన జాబితా అది. మధ్యాహ్నానికి ఆఫీసు జీపు వస్తుంది. జాబితాలో ఉన్నవాళ్లకు రేషన్ కార్డులు. లేనివాళ్ల గుడిసెలు రేపు ఫారెస్టువాళ్లు పీకేస్తారు. వాగు అవతల ఇలాంటి గుడిసెల గుంపునే పోయినేడు అట్లాగే లేపేశారు. వాళ్లు ఎటు పోయారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మళ్లీ రాద్దామన్నా వేలిముద్ర వేసే మగవాళ్లు, ఒక్క ముసలాయన తప్ప, గుంపులో లేరు. మిరపతోట ఆసామి పిచ్చయ్య ట్రాక్టరు తెల్లవారుతూనే వచ్చి మిగతా మగవాళ్లందరినీ మిరపకాయ కోతకు ఎక్కించుకుపోయింది. వాళ్లు తిరిగొచ్చేది పొద్దుగూకాకే.

తుపాకుల భయానికి రాష్ట్రం దాటి వచ్చిన కోయలు వాళ్లు. రెండేళ్లలో తెలుగు నేర్చారు, తోటల్లో కూలి బేరం నేర్చారు, మీదే ఊరని అడిగితే తడుముకోకుండా ఈ అడవి పేరే చెప్పడం పిల్లలకు నేర్పారు. కాగితం మీద మాత్రం ఇంకా ఎక్కడా లేరు.

రోజూ మోసుకెళ్లడం ఎందుకని రిజిస్టర్‌ను గుంపు పెద్ద, ముసలి బొజ్జయ్య గుడిసెలో ఉంచింది కళావతి. తలుపు లేని గుడిసె అది. ఎవరైనా తీయొచ్చు.

ఎవరు తీశారో ఊహించడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. కింది ఊరి దూలయ్యకు వీళ్లంటే మొదటినుంచీ పడదు. ఇప్పపువ్వు రాలే కాలం ఇది. చెట్టు కింద ఎండుటాకు కాల్చి నేల శుభ్రం చేసుకున్నవాడిదే ఆ ఏటి పువ్వు. ఈ చెట్టు కింద నిన్న ఆకు కాల్చింది దూలయ్యే. కార్డులొస్తే ఈ చెట్లు కూడా వలసోళ్లవే అవుతాయని పదిమందిలో అన్నాడు కూడా.

గంప చంకన పెట్టుకుని అతనే ఎదురొచ్చాడు. కళావతి కాలిన అట్టను అతని కాళ్ల ముందు పడేసింది.

"ఇదేంది దూలయ్యా?"

"నాకేం ఎరుక మేడమ్. నేను ఆకు కాల్చిన. బుక్కు కాల్చలే."

"నీ మంటలనే దొరికింది."

"మంట నాదైతే, అండ్ల ఏసిన చెయ్యి గూడ నాదేనా? అచ్చరం ముక్క రానోన్ని, బుక్కుతోని నాకేం పగ?"

అప్పటికే ఆడవాళ్లు చుట్టూ చేరారు. నిన్న దూలయ్య బొజ్జయ్య గుడిసె దగ్గర తచ్చాడటం తన కళ్లతో చూశానంది జంపక్క. ఆకు అంటించడానికి నిప్పు అడగబోయానన్నాడు దూలయ్య. ఎవరూ నమ్మలేదు. స్టేషన్‌కు చెబుతానని కళావతి సెల్‌ఫోన్ తీసి, సిగ్నల్ కోసం గుట్టవైపు నాలుగడుగులు వేసింది. దూలయ్య గంప పడేసి ఆమెకు అడ్డం పోయాడు. ఈ అడవిలో స్టేషన్‌కు పోయినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో, ఏ కేసు నెత్తిన పెట్టుకుని వస్తాడో చెప్పడం కష్టం.

"ఆగు బిడ్డా."

అంతదాకా గుడిసె ముందు గొంతుకూర్చుని ఉన్న బొజ్జయ్య లేచాడు.

"వాన్ని పోనియ్యి. కాల్చింది నేను."

కళావతి తను సరిగ్గా విన్నదో లేదో తేల్చుకోలేకపోయింది. ఆమెను గుడిసె గుడిసెకూ తిప్పింది బొజ్జయ్య. భయపడి అడవిలోకి జారుకున్నవాళ్లను బతిమాలి పట్టుకొచ్చింది బొజ్జయ్య. అందరికన్నా ముందు వేలు సిరాలో ముంచింది కూడా అతనే.

"నువ్వే దగ్గరుండి రాయిస్తివి గదా తాతా?"

"అవ్. రాసినన్ని దినాలు మంచిగనే ఉన్న. నిన్న మాపటికి సరిచూస్తనని నువ్వు పేర్లు సదివినవు. ఒక్కొక్కడు ఉన్న, ఉన్న అనుకుంట లేసి నిలవడ్డడు. గప్పుడు నా కాళ్లు వణికినయి. నువ్వు పోంగనే ఆ నిప్పుల ఏసిన."

దూలయ్యకు పోయిన ప్రాణంతోపాటు కోపమూ తిరిగొచ్చింది. "పేరు సదివితే పానం పోతదా ముసలోడా? నీ వణుకుకు నేను జైలుకు పోవాల్నా?"

దూరాన మలుపులో జీపు చప్పుడు వినబడింది. అనుకున్నదానికన్నా ముందే వస్తోంది. ఆడవాళ్లు పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. బొజ్జయ్య అటు తిరగలేదు.

"మా ఊర్ల గూడ గిట్లనే బుక్కు రాసిండ్రు. బియ్యమిస్తమన్నరు. నెల తిరిగినంక తుపాకులోళ్లు అదే బుక్కు పట్టుకొచ్చి పేర్లు సదివిండ్రు. ఉన్న అన్నోన్ని ఒక్కన్ని మిగల్చలే."

"ఏ తుపాకులోళ్లు తాతా?"

"తుపాకి యాదికున్నది బిడ్డా, పట్టినోని మొకం యాదికి లేదు. బియ్యమొచ్చినయనుకున్నం. మొదటి పేరే నా కొడుకుది. వాడు పలకలే, కట్టెలకు పోయిండు. బియ్యం వంతు పోతదని అడివిలకు ఉరికిపోయి, వాన్ని చెయ్యి పట్టి వాళ్ల ముందటికి తోల్కొచ్చింది నేనే."