మూడు ముఖాల కంప్యూటరు

“కంప్యూటరు మారుతుందో, మనిషి మారుతుందో, ఇవాళ తేల్చేయండి” అని భార్య ఫోను పెట్టేసేసరికి ప్రెస్సాయన బిక్కమొహం వేశాడు. ప్రెస్సు ఆయనదే గాని పెత్తనం ఆవిడది. పుస్తకం అచ్చుకివ్వాల్సిన గడువు ముంచుకొస్తోంది, టైపు చూస్తే నత్తనడక నడుస్తోంది. వేరే టైపిస్టుని చూసుకుందామని ఆవిడ పట్టు. మనిషిలో లోపం లేదు, ఉన్నదంతా కంప్యూటరులోనే అని ఈయన నమ్మకం.

ఆ మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది. అందరూ టైపక్క అని పిలిచే ఆవిడ, ఫోనులో మాటలు చెవిన పడనట్టే కంప్యూటరు తెర తుడుస్తోంది. అది ఇందాకే తుడిచిన తెర. ఇక్కడ కాదనుకుంటే ఆవిడ వయసుకి ఇంకెవరూ పిలిచి కుర్చీ వెయ్యరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

అందుకే ప్రెస్సాయన మేనకోడల్ని పిలిపించాడు. ఆ పిల్లకి కంప్యూటర్లతోనే తెల్లారుతుంది, వాటితోనే పొద్దుగూకుతుంది. ఈ పాత కంప్యూటర్లో, దాన్ని నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి పెట్టింది కూడా తనే. లినక్స్ అయితే కొనక్కర్లేదు, ఎవరికి కావాల్సినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు. లోపల సరుకు ఒకటే అయినా తెర మీద పైకి కనిపించే రూపాలు, అంటే డెస్క్‌టాప్‌లు, చాలా రకాలున్నాయని, ఒకటి చురుగ్గా కదిలితే ఒకటి బద్ధకిస్తుందని, ఎవరి చేతికి ఏది నప్పుతుందో కూర్చుని చూస్తేగాని తెలియదని చెప్పింది. ఒకే పుస్తకంలోంచి ఒకే కొలత పేజీలు తీసి, ఒక్కోదాని మీద ఒక్కో పేజీ టైపు చేయిద్దామంది. ప్రెస్సాయనకి ఈ ఏర్పాటు తెగ నచ్చింది.

మొదటిది ఒట్టి షోకులాడి. ఫైలు తెరిస్తే ఎక్కడినుంచో తేలుకుంటూ వస్తుంది, మూస్తే వయ్యారంగా మాయమవుతుంది. టైపక్క మొదలుపెట్టింది. పరీక్ష అన్నాక తోడుగా ఓ మనిషి ఉండాలి కదా అని ప్రెస్సాయన వెళ్ళి కుర్చీ వెనకాల నిలబడి, కుర్చీ అంచు మీద రెండు చేతులూ ఆన్చాడు. కింద చూడమన్నాడు. ఆ బొమ్మ కాదు, పక్కది నొక్కమన్నాడు. ఆవిడ వెతుక్కునేలోపు తనే తెర మీద వేలు పెట్టి చూపించాడు. పేజీ అయ్యేసరికి టైపక్కకి చెమటలు పట్టాయి, తప్పులు బారులు తీరాయి. దీని షోకులు తగలెయ్య, ఇది పనికిరాదని ఆయన తీర్పు చెప్పేశాడు.

రెండోది బక్కపలచనిది. హంగులన్నీ తీసేస్తే మిగిలిన రకమని మేనకోడలు చెప్పింది. నిజమే, నొక్కీ నొక్కకముందే ఫైలు తెరుచుకుంది. ప్రెస్సాయనకి ప్రాణం లేచొచ్చింది. ఈసారి ఎలాగైనా ఆవిణ్ణి గట్టెక్కించాలని ఇంకాస్త దగ్గరికి జరిగాడు. ఒత్తు పోతే ఒత్తన్నాడు, కామా పోతే కామా అన్నాడు. మధ్యలో గడువు సంగతి కూడా గుర్తుచేశాడు. భయపెట్టడానికి కాదు, పాపం, హుషారు తెప్పించడానికే. అయినా ఏం లాభం? టైపక్క ఒక లైను కొట్టడం, రెండు లైన్లు చెరపడం. మొదటిదానికంటే కాస్త నయం, అంతే.

ఆవిడ చేతులు తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

“నా వేళ్ళలోనే పస అయిపోయిందేమో సార్. నాకోసం మీరు ఇంట్లో మాట పడకండి” అంది.

ఒక యంత్రం మనిషిని ఇంతలా చిన్నబుచ్చుతుందా అనుకున్నాడు ప్రెస్సాయన. ఇంకేమైనా ఉన్నాయా అని మేనకోడల్ని అడిగాడు. ఆ పిల్ల కాసేపు ఆయన మొహంలోకే చూసి, ఇంకొకటుందని, సిద్ధం చేసేలోపు కింద కొట్టుకెళ్ళి అందరికీ కాఫీ తెచ్చిపెట్టమని అడిగింది. ఇప్పుడా కాఫీలు అని ఆయన గొణిగాడు. కానీ మేనకోడలు నోరు తెరిచి అడిగితే కాదనగలడా? ఫ్లాస్కు పట్టుకుని మెట్లు దిగాడు.

కొట్టు దగ్గర జనం. వరసలో నిలబడ్డాడన్న మాటే గాని మనసంతా పైనే ఉంది. తను పక్కన లేకపోతే ఆవిడ ఆ కొత్తదానితో ఏం అవస్థ పడుతోందో ఏమో. ఫ్లాస్కు నిండీ నిండగానే ఉరుకులు పరుగుల మీద వెనక్కొచ్చాడు.

మెట్ల మీద ఉండగానే వినపడింది. రేకుల మీద వాన పడుతున్నట్టు, ఆగకుండా, టైపు చప్పుడు.

గదిలోకెళ్ళేసరికి తెరంతా ఆకుపచ్చగా ఉంది. పేజీ ఎప్పుడో అయిపోయింది. ఎవరూ చెప్పకపోయినా టైపక్క తర్వాతి పేజీలోకి దిగింది, ఏదో కూనిరాగం కూడా తీస్తోంది. ప్రెస్సాయన కళ్ళజోడు సవరించుకుని అయిపోయిన పేజీ చదివాడు. మళ్ళీ చదివాడు. ఒకే ఒక్క తప్పు దొరికింది. అదీ రచయితది.

ఆయనకి కళ్ళు చెమ్మగిల్లాయి. తను మొదట్నుంచీ మొత్తుకుంటున్నదే నిజమైంది. అప్పటికప్పుడు భార్యకి ఫోను చేసి, మనిషిని మార్చే మాట ఇంకెప్పుడూ ఎత్తొద్దని, టైపక్క వేళ్ళు బంగారమని, తప్పంతా ఆ దిక్కుమాలిన డెస్క్‌టాప్‌లదేనని గట్టిగా చెప్పాడు. పెళ్ళయ్యాక భార్యతో అంత గట్టిగా మాట్లాడడం ఆయనకిదే మొదటిసారి. తర్వాత స్వయంగా కాఫీలు పోసి, మేనకోడలి భుజం తట్టాడు.

“ఇంతకీ దీంట్లోంచి ఏం తీసేశావే, ఇంత తేలిగ్గా పరిగెత్తింది?”

టైపక్క కూడా టైపు ఆపి అటు తిరిగింది. మేనకోడలు కాఫీ గుక్క మింగి, కాస్త తటపటాయించింది.

“ఇది మొదట చూసిన షోకులాడే మామయ్యా, రంగులు మార్చానంతే” అంది. “నేను తీసేసింది మిమ్మల్ని.”