ఏడంతస్తుల రాయబారం

"ఇవాళేమన్నాడక్కా?"

టాంగ్ యూఝెన్ మూడో అంతస్తు మలుపులో ఆగి, కమ్మీ పట్టుకుని ఊపిరి పీల్చుకుంది. ఆరో అంతస్తు నుంచి లియావ్ తల కిందికి వంచి అడుగుతున్నాడు.

"ఏమంటాడు? ఎప్పుడూ అనేదే."

"సాసేజీలు ఇచ్చావా?"

"ఇచ్చాను. కారం తక్కువైందన్నాడు."

"అంటే, తిన్నాడన్నమాట."

"రెండు తిన్నాడు."

"అయితే కరుగుతున్నాడు," అని లియావ్ ఆశగా తల లోపలికి తీసుకున్నాడు.

చైనాలో, చెంగ్డూ నగరంలోని ఆ పాత భవనానికి ఏడంతస్తులు, పద్నాలుగు ఇళ్ళు. లిఫ్టు లేదు. కట్టినప్పుడు అందరి మోకాళ్ళూ బాగానే ఉండేవి. ఇప్పుడు భోజనం తెచ్చిచ్చేవాళ్ళు కూడా నాలుగో అంతస్తు దాటి రామంటున్నారు. పక్క వీధిలో ఇలాంటి భవనాలకే బయటివైపు లిఫ్టులు తగిలించారు. దరఖాస్తు పెడితే వీళ్ళకీ వస్తుంది. కాకపోతే ఒక్క ఇంటివాళ్ళు అడ్డం తిరిగినా పని ఆగిపోతుంది.

ఫిబ్రవరిలో, కొత్త సంవత్సరపు వసంత పండుగ సెలవులవగానే, ఏడో అంతస్తు టాంగ్ ఆ దరఖాస్తు పట్టుకుని బయలుదేరింది. ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషి. ఎవరినైనా జరగమనగలదు. వారం తిరిగేసరికి పదమూడు సంతకాలు పోగయ్యాయి. మిగిలింది కింది అంతస్తులో ఒంటరిగా ఉండే పెంగ్ దాచువాన్ ఒక్కడే.

పెంగ్ ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. లిఫ్టు వస్తే తన వంటింటి కిటికీకి వెలుతురు పోతుందనీ, తను ఎక్కవలసిన మెట్టు ఈ భవనంలో ఒక్కటీ లేదనీ చెప్పి మొదటిరోజే తలుపు వేసేశాడు. టాంగ్ మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది.

అప్పటినుంచి భవనమంతటికీ అదే ధ్యాస. ఫోను గ్రూపులో టాంగ్ రోజూ వార్త పెట్టేది. "ఇవాళ తలుపు సగం తీశాడు." "కూర్చోమన్నాడు." "టీ ఇచ్చాడు, మూత ఉన్న కప్పులో." ప్రతి వార్త కిందా చప్పట్ల బొమ్మలు బారులు తీరేవి. నాలుగో అంతస్తు నుంచి ఆవాకుల ఊరగాయ, ఐదో అంతస్తు నుంచి కుందేలు వేపుడు, ఆరో అంతస్తు నుంచి సాసేజీలు పెంగ్ ఇంటికి దిగేవి. మోసుకెళ్ళేది టాంగే. ఒక్కడే అయితే ముట్టుకోడని, ఆవిడ కూడా కూర్చుని తినేది.

ఏప్రిల్లో చదరంగం మొదలైంది.

"గెలవకక్కా, ఓడిపో," అని లియావ్ సలహా ఇచ్చాడు. "మగాడు గెలిచినప్పుడే ఏదడిగినా ఇస్తాడు."

"నేను ఓడిపోవడానికి ప్రయత్నం అక్కర్లేదులే," అంది టాంగ్.

జూన్‌లో ఆవిడ జుట్టు రింగులు తిప్పించుకుంది. భవనం కోసం పాపం ఎంత కష్టపడుతోందో అని ఐదో అంతస్తు కోడలు కళ్ళు తుడుచుకుంది.

నవంబరు చివరికి వచ్చేసరికి లియావ్ ఓపిక అయిపోయింది. నెలాఖరుకల్లా దరఖాస్తు చేరకపోతే ఇంకో ఏడాది ఆగాలని, దరఖాస్తులు తీసుకునే వీధి కార్యాలయం నుంచి కబురొచ్చింది.

"రేపు నలుగురం కలిసి వెళ్ళి అడుగుతాం," అన్నాడు.

టాంగ్ ముఖం పాలిపోయింది. "వద్దు. మీరు వెళితే మొత్తం చెడిపోతుంది."

"ఇంకా చెడడానికేముందక్కా?"

ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు.

ఇరవై ఎనిమిదో తేదీన నలుగురూ వెళ్ళి తలుపు తట్టారు. టాంగ్ వెనకాల నిలబడింది. పెంగ్ వాళ్ళనీ, వాళ్ళ భుజాల మీదుగా ఆవిడనీ చూశాడు.

"ఏం పని?"

"అదే అన్నా, సంతకం."

"నేనిక ఏ సంతకమూ పెట్టను."

"ఎందుకో కాస్త చెబితే..."

"చెప్పేదేదో ఆవిడకే చెబుతాను. మీరు రాకండి. ఆ కుందేలు వేపుడు ఎవరిది?"

ఐదో అంతస్తు కోడలు భయంభయంగా చెయ్యెత్తింది.

"బాగుంది," అని తలుపు వేసుకున్నాడు.

"బండరాయి," అన్నాడు లియావ్ మెట్లెక్కుతూ. "ఇలాంటివాడితో రోజూ ఎలా వేగుతున్నావక్కా? నీకు దండం పెట్టాలి."

"అలవాటైపోయిందిలే," అంది టాంగ్.

మర్నాడు సాయంత్రం ఆవిడ వెళ్ళేసరికి పెంగ్ నూడుల్స్ ఉడకబెడుతున్నాడు.

"రేపటితో గడువు," అంది టాంగ్.

"తెలుసు."

"లియావ్ నీళ్ళ డబ్బాలు మోయలేక చస్తున్నాడు. ఇక బాగుండదు."

పెంగ్ నూడుల్స్ రెండు గిన్నెల్లోకి తీశాడు. "లిఫ్టు వస్తే నీకు నా గుమ్మం దగ్గర ఆగే పనేముంటుంది? నేరుగా వీధిలోకి పోతావు."

"మోకాళ్ళు నెప్పెట్టకపోతే రోజుకి రెండుసార్లు దిగుతాను."

ఆవిడ గిన్నెలో ఇంకో చెంచాడు మిరపనూనె వేశాడు.

"సరే. తీసుకెళ్ళి ఇచ్చెయ్."

ముప్పయ్యో తేదీ పొద్దున భవనం ముందు పండుగ వాతావరణం. నగరంలో టపాకాయలు కాల్చనివ్వరు కాబట్టి లియావ్ తన ఫోన్లో టపాకాయల మోత పెట్టాడు. ఐదో అంతస్తు కోడలు టాంగ్‌ని కౌగలించుకుంది. వీధి కార్యాలయం నుంచి వచ్చిన అమ్మాయి దరఖాస్తు తీసుకుని, ఒక్కో వరుస మీదా వేలు జరుపుతూ సంతకాలు సరిచూసింది. ఆఖరి వరుస దగ్గర వేలు ఆగింది. తలెత్తి టాంగ్ వైపు చూసింది. టాంగ్ ఆకాశం వైపు చూస్తోంది.

"ఏమైనా తప్పుందా?" అన్నాడు లియావ్ కంగారుగా.

"లేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి," అని ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ ఫైలు మూసేసింది.

పెంగ్ సంతకం కింద ఉన్న తేదీ, మార్చి పదకొండు.