బతికున్నట్టు కాగితం

"మళ్ళీ చెప్పమ్మా. నాన్నగారు ఏ జబ్బుతో పోయారు?"

"గుండె," అంది పెద్దావిడ.

"కాదు! ఊపిరితిత్తులు. గుండె తాతయ్యది. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఊపిరితిత్తులు."

విసుక్కున్నా, బతిమాలినా ఆవిడ గొంతు ఒకేలా ఉంటుంది.

ఆ ఇంటి అమ్మాయికి యాభై దాటాయి. పొద్దున్నించి ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని ప్రశ్నలు అడుగుతూనే ఉంది. అన్నయ్య కిటికీ దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. పదకొండింటికి లాయరు వస్తాడు.

కొండ మీద ఆ వీధిలో పదహారే ఇళ్ళు. అన్నీ తాతలు కట్టించినవి, మనవలు ఉంటున్నవి. మనిషిన్నర ఎత్తు గోడలు. పక్కింటివాళ్ళ మొహం ఎలా ఉంటుందో ఎవరికీ సరిగ్గా తెలీదు. అక్కడికి బస్సు రాదు. రోడ్డు మీద ఎవరైనా నడుస్తూ కనిపించారంటే పని చెయ్యడానికి వచ్చినవాళ్ళయినా అయి ఉండాలి, కుక్కని తిప్పుతున్నవాళ్ళయినా అయి ఉండాలి. అదీ పనే.

ఈ ఇల్లు కట్టించిన తాతగారికి కొడుకు మీద నమ్మకం లేదు. మనవల మీద అసలే లేదు. కోడలంటే మాత్రం గురి. విల్లు కూడా అలాగే రాశాడు. కోడలు ప్రాణాలతో ఉన్నంత కాలం ఇల్లూ, కింద బజార్లో దుకాణాల అద్దెలూ ఆమెవీ, ఆమె పిల్లలవీ. ఆమె తర్వాత మొత్తం ఒక అనాథాశ్రమానికి. ఏడాదికోసారి, ఆస్తిని చూసుకునే ట్రస్టు తరఫు లాయరు వచ్చి ఆమెను కళ్ళారా చూడాలి. కాసేపు ఒంటరిగా మాట్లాడాలి. సంతకం తీసుకోవాలి.

పిల్లలిద్దరికీ వేరే సంపాదన లేదు. సంపాదించడం నేర్చుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"ఏదీ, సంతకం చూడనీ," అన్నాడు అన్నయ్య.

నెల రోజులుగా ఆవిడ పూటకో పేజీ చొప్పున సంతకాలు పెడుతోంది. ఇంకోటి పెట్టి చూపించింది.

"వంకర పోతోంది. పోయినేడు బాగానే పెట్టావుగా?"

"పెడతాను బాబూ."

అమ్మాయి ఆవిడ తల దువ్వింది. మెళ్ళో ముత్యాల గొలుసు వేసింది. శాలువా కప్పింది. ఆవిడ గది దాటి హాల్లోకి నడిచి వచ్చి, చక్రాల కుర్చీలో కూర్చుంది.

"ఇంకా ఎన్నేళ్ళురా అన్నయ్యా, ఇలా?"

"ఉన్నన్నాళ్ళు."

ఆవిడ ఆ ఇద్దరి మధ్యే ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది.

లాయరు కుర్రవాడు. ముసలి లాయరు మానుకున్నాక నాలుగేళ్ళుగా ఇతనే వస్తున్నాడు. ఎప్పుడూ నిలబడ్డ కాళ్ళ మీదే వెళ్ళిపోయేవాడు. ఈసారి మాత్రం పాత ఫైలంతా చదివి వచ్చాడు. పిల్లలిద్దరినీ బయటికి పంపి తలుపు వేశాడు.

"ఎలా ఉన్నారమ్మా?"

"ఉన్నాను."

"సార్ పోయి ఎన్నేళ్ళయింది?"

ఆవిడ చెప్పింది. అడక్కుండానే జబ్బు పేరు కూడా చెప్పింది.

"పిల్లలు బాగా చూసుకుంటున్నారా?"

"వేళకి అన్నం పెడతారు. మందులు తెప్పిస్తారు."

"బయటికి వెళ్తుంటారా?"

"గేటు దాటి నాలుగేళ్ళయింది."

అతను ఫైల్లో కాగితం తిప్పాడు. "మీ దగ్గర ఓ ఆయా ఉండేదట కదా? ఎప్పుడొచ్చినా మీ పక్కనే కనిపించేదని మా సీనియరు రాశారు."

"పోయింది."

"అయ్యో! ఆవిడకి ఎవరూ లేరా?"

"కూతురుంది. కింద, రైలు పట్టాల అవతల. బట్టలు కుడుతుంది. వీళ్ళే రెండు గదుల ఇల్లు కొని దాన్ని అందులో ఉంచారు. కాగితాలు ఇంకా వీళ్ళ పేరు మీదే ఉన్నాయి."

"ఎంతైనా మంచి మనసండీ. పనివాళ్ళకి అంత చేసేదెవరు ఈ రోజుల్లో!"

ఆవిడ శాలువా అంచు సర్దుకుంది.

"ఆ కూతురు వచ్చిందా అప్పుడు?"

"వచ్చింది. అంటుజబ్బని వీళ్ళు తల్లి మొహం చూపించలేదు. గేటు పట్టుకుని ఏడ్చింది."

"మీరు చూశారా?"

"ఈ కిటికీలోంచే."

లాయరు ఫైలు మూశాడు. "మీకూ చాలా కష్టంగా ఉండి ఉంటుంది."

ఆవిడ ఆలోచించింది. "అప్పట్లో ఉండేది. ఇప్పుడు ఏమీ అనిపించదు."

అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఈ ఐదు నిమిషాలు మిమ్మల్ని ఒంటరిగా ఉంచేది ఎందుకంటే, మీకేదైనా చెప్పుకోవాలనుంటే చెప్పుకుంటారని. భయపడకండి. ఏమన్నా ఉందా?"

తలుపు కింద సందులో రెండు జతల కాళ్ళ నీడలు కదలకుండా ఉన్నాయి. కిటికీలోంచి కింద ఊరు కనిపిస్తోంది. పట్టాలు, పట్టాల అవతల రేకుల కప్పులు, వాటి మధ్య కొత్తగా లేచిన రెండు మూడు డాబాలు.

ఆవిడ చూపు కిటికీ మీంచి తలుపు కిందికి వెళ్ళింది.

"ఏం లేదు బాబూ. సంతకం ఎక్కడ పెట్టాలి?"

సంతకం వంకర పోలేదు. దాని కింద లాయరు రాశాడు: 'స్వయంగా చూసి మాట్లాడాను. ఆరోగ్యంగా ఉన్నారు.' ఆవిడకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

కారు గేటు దాటింది. అమ్మాయి సోఫాలో కూలబడింది. అన్నయ్య ఫోనులో ఎవరికో "అయిపోయింది, మళ్ళీ ఏడాది దాకా బెంగ లేదు" అని చెప్పాడు. కాస్త తేరుకున్నాక అమ్మాయి లేచి, ఆవిడ మెళ్ళోంచి ముత్యాల గొలుసు విప్పి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"అన్నం తింటావా?" అని అడిగింది.

"నీ ఇష్టం," అంది ఆవిడ.

నాలుగేళ్ళ కిందట ఆ ఇంటి యజమానురాలు నిద్రలోనే పోయినప్పుడు, శ్మశానం రిజిస్టర్లో పిల్లలిద్దరూ కలిసి రాయించిన పేరు, ఇప్పుడీ చక్రాల కుర్చీలో కూర్చున్న ఆయాది.